పీహెచ్‌డీ చేయబోయే ఇంజనీర్లకు తలకిందుల సలహాలు

ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తానని ఇంట్లో చెప్పగానే సలహాలు మొదలవుతాయి. పెద్ద పేరున్న చోటే చేరు. చదువు మీద ధ్యాస తగ్గకముందే చేరు. నీకు బాగా ఇష్టమైన టాపిక్ దొరికేదాకా ఆగు. గైడు చెప్పినట్టు విను. పెళ్ళి సంగతి డిగ్రీ చేతికొచ్చాక చూద్దాం. చెప్పేవాళ్ళంతా మన మేలు కోరే చెప్తారు. అయితే ఇవన్నీ ఎంసెట్‌కి, బీటెక్‌కి, గ్రూప్స్ పరీక్షలకి పనికొచ్చిన సలహాలు. పీహెచ్‌డీకి సిలబస్ ఉండదు, పరీక్ష తేదీ ఉండదు, మీ పక్కన కూర్చుని అదే పని చేసే పోటీదారుడూ ఉండడు. ఒక మనిషి కింద, ఒక ల్యాబ్‌లో, నాలుగైదేళ్ళు చేసే పని ఇది. అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలకు దాదాపు ప్రతి విషయంలోనూ ఇంట్లో చెప్పినదానికి విరుద్ధంగా చెప్తాను. వినగానే తప్పు సలహాల్లా ఉంటాయి. నేను మాత్రం వాటిని నమ్మే చెప్తున్నాను.

సంస్థ పేరు చివర చూడండి

దరఖాస్తు అనగానే మనవాళ్ళు ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల జాబితా తెరుస్తారు. పైన ఉన్న వాటన్నిటికీ దరఖాస్తు పెట్టి, ఎక్కడ సీటొస్తే అక్కడ చేరి, ఎవరు తీసుకుంటే వాళ్ళ దగ్గర పని మొదలుపెడతారు. ఈ వరసను తిరగేయండి. ముందు గైడు, తర్వాత ల్యాబ్, ఆ తర్వాతే సంస్థ. ర్యాంకు సంస్థ మొత్తానికి ఇస్తారు. మీ డ్రాఫ్టు చదివేది మాత్రం ఒక్క మనిషే. ఆ మనిషి చదవకపోతే దేశంలో మొదటి ర్యాంకు సంస్థలో ఉన్నా మీ పని కదలదు.

మన దేశంలో ద్రవగతిశాస్త్ర పరిశోధన ఎలా బలపడిందో చూడండి. సతీశ్ ధావన్ 1951లో కాల్టెక్‌లో హాన్స్ లీప్‌మన్ దగ్గర డాక్టరేట్ పూర్తిచేసి బెంగళూరు ఐఐఎస్‌సీలో చేరారు. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి ఇవాళ ఉన్న పేరు ఆయనదే. రొద్దం నరసింహ ఐఐఎస్‌సీలో ధావన్ దగ్గర పని నేర్చుకుని, అదే లీప్‌మన్ దగ్గరికి వెళ్ళి 1961లో డాక్టరేట్ పొంది, తిరిగి ఐఐఎస్‌సీకే వచ్చారు. సంస్థల పేర్లు ఎంత పెద్దవైనా, ఈ దారి గురువు నుంచి శిష్యుడికి నడిచింది.

గైడు ఎలాంటివారో తెలుసుకోవడం మీరు అనుకున్నంత కష్టం కాదు. విశ్వవిద్యాలయాల థీసిస్‌లు శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఐఐటీలవి చాలావరకు వాటి లైబ్రరీల్లో దొరుకుతాయి. ఆయన దగ్గర చేసినవాళ్ళ పేర్లు రాసుకోండి. థీసిస్ మీద ముగించిన ఏడాది ఉంటుంది, లింక్డ్‌ఇన్‌లో చేరిన ఏడాది ఉంటుంది. తీసివేత చేస్తే ఒక్కొక్కరికి ఎన్నేళ్ళు పట్టిందో తేలిపోతుంది. తర్వాత పూర్తిచేసినవాళ్ళలో ఒకరికి, మధ్యలో వదిలేసినవాళ్ళలో ఒకరికి ఫోన్ చేయండి. రెండోవాళ్ళతో మాట్లాడటమే ముఖ్యం. ఆ మాటల్లో కోపం ఉంటుంది, దాన్ని పక్కన పెట్టి వినండి. సార్ మంచివారా కాదా అని అడగకండి, ఎవరూ నిజం చెప్పరు. డ్రాఫ్టు ఇస్తే ఎన్నాళ్ళకు తిరిగొచ్చేది? పేపర్‌లో మొదటి పేరు ఎవరిది? ప్రాజెక్టు డబ్బు అయిపోయినప్పుడు స్కాలర్ల సంగతి ఏం చేశారు? సెలవు అడిగితే ఏమన్నారు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు వస్తే చాలు.

ఇంకో సంగతి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకే సమయంలో ఎనిమిది మందికి మించి, అసోసియేట్ దగ్గర ఆరుగురికి మించి, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి పీహెచ్‌డీ స్కాలర్లు ఉండకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్ళ లోపు ఉన్నవారు కొత్తవాళ్ళను తీసుకోకూడదు. ఐఐటీలు, ఎన్‌ఐటీలు తమ సెనేట్ నియమాలతో నడుస్తాయి, అక్కడి లెక్కలు వేరు. ఎక్కడైనా సరే, గైడు పుట్టిన సంవత్సరం తెలుసుకోవడం అమర్యాద కాదు. పేరున్న పెద్ద ప్రొఫెసర్ కంటే, ఇంకా తన పేరు నిలబెట్టుకోవాల్సిన యువ అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర చేరమని నేను తరచూ చెప్తాను. ఆయన మీతో పాటు ల్యాబ్‌లో నిలబడతాడు. మీ పేపర్ రావడం మీకెంత అవసరమో ఆయనకీ అంతే అవసరం.

రెండేళ్ళు ఉద్యోగం చేసి రండి

ఉద్యోగంలో పడితే మళ్ళీ చదవలేవని భయపెడతారు. బీటెక్ కాగానే పరిశోధనకు వచ్చినవాళ్ళలో చాలామందికి ఫ్యాక్టరీలో ఏ భాగం ఎందుకు విరుగుతుందో, వంతెనలో బేరింగ్ ఎందుకు మార్చాల్సొస్తుందో, సర్వర్ రాత్రి రెండింటికి ఎందుకు కూలుతుందో తెలియదు. సమస్యను పేపర్లలోనే చూస్తారు కాబట్టి పేపర్లలో ఉన్న సమస్యలనే మళ్ళీ చేస్తారు. రెండేళ్ళు ప్లాంటులోనో సైటులోనో పనిచేసి వచ్చినవాళ్ళు మొదటి మీటింగులోనే "సార్, ఇది నిజంగా ఇలా జరగదు" అంటారు. ఆ మాట అనగలిగితే సగం పరిశోధన మొదలైనట్టే.

శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1958లో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చేశారు. 1960లో ఆస్ట్రేలియాలో ఎంటెక్ అయ్యాక అక్కడే ఐబీఎమ్‌లో మూడేళ్ళు ఉద్యోగం చేశారు. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర డాక్టరేట్ 1966లో వచ్చింది, ట్యూరింగ్ అవార్డు 1994లో. మధ్యలో ఉద్యోగం చేసిన ఆ మూడేళ్ళు ఆయనకు అడ్డం రాలేదు.

గేట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. బీటెక్ చివరి ఏడాదిలో రాసి ఉద్యోగంలో చేరినా దారి మూసుకుపోదు. పైగా చేతిలో కొంత డబ్బు నిలవ ఉంటుంది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. ప్రధానమంత్రి రిసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదట 70,000తో మొదలై చివరి రెండేళ్ళలో 80,000 దాకా వెళ్తుంది. కానీ అది కొద్దిమందికే. అందరికీ ఉన్న ఇబ్బంది మొత్తం గురించి కాదు, ఆలస్యం గురించి. స్టైపెండ్ రెండు మూడు నెలలు ఆగి ఒకేసారి పడే చోట్లున్నాయి. ఆ నెలల్లో అద్దె కట్టడానికి ఇంటికి ఫోన్ చేయాల్సిన అవసరం లేకపోవడం పరిశోధనకు ఎంత మేలో, అనుభవించినవాళ్ళకే తెలుసు.

ఇష్టాన్ని పక్కన పెట్టి గడియారం లెక్క వేయండి

అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. "నీకు ఏ టాపిక్ అంటే ప్రాణం?" అని అందరూ అడుగుతారు. ఇంజనీరింగ్ పీహెచ్‌డీలో ఆ ప్రశ్న తర్వాత అడగవచ్చు. ముందు అడగాల్సింది, "ఒక్క ఫలితం రావడానికి ఎన్ని రోజులు పడుతుంది?"

లోహాల అలసట మీద పనిచేస్తారనుకోండి. ఒక నమూనాను కోటి సైకిళ్ళ దాకా పరీక్షించాలి. మెషీన్ సెకనుకు 20 సైకిళ్ళు తిప్పితే ఐదు లక్షల సెకన్లు, అంటే దాదాపు ఆరు రోజులు, పగలూ రాత్రీ. ఒక గ్రాఫులో విరగకుండా కోటి దాకా నిలబడే నమూనాలు ఐదు కావాలంటే మెషీన్ నెల రోజులు మీకే కావాలి. మధ్యలో కరెంటు పోయి కంట్రోలర్ ఆగితే ఆ నమూనా పాడైపోవచ్చు. అదే మెషీన్ మీద ఇంకో ఇద్దరు స్కాలర్లు, ఎంటెక్ పిల్లలు, బయటి కంపెనీల కన్సల్టెన్సీ పనులు ఉంటాయి. కాంక్రీటు మీద చేస్తే బలం 28 రోజులకు చూడాలి, మన్నిక కావాలంటే 90, 180 రోజులకు. మిక్స్‌లో పొరపాటు ఉందని ఆర్నెల్లకు తెలిస్తే ఆ ఆర్నెల్లూ వెనక్కి రావు. ఈ లెక్క కాగితం మీద వేసుకోకుండా టాపిక్ ఎంచుకున్నవాళ్ళే ఏడో ఏడులో కూడా ల్యాబ్‌లో కనిపిస్తారు.

కాబట్టి చేరకముందే ల్యాబ్‌కి ఒకసారి వెళ్ళి రండి. మెషీన్ దగ్గర లాగ్‌బుక్ ఉంటుంది, తెరిచి చూడండి. చివరి ఎంట్రీ గత వారానిదా, గత ఏడాదిదా? ఏఎంసీ ఇంకా నడుస్తోందా? పరికరం డిపార్టుమెంటుదా, ఒక ప్రాజెక్టుదా? ప్రాజెక్టుదైతే ఆ డబ్బు ఎప్పుడు ముగుస్తుంది? సెమ్, ఎక్స్‌ఆర్‌డీ లాంటి సెంట్రల్ పరికరాల మీద స్లాటు బుక్ చేస్తే ఎన్ని వారాలకు వస్తోంది? ల్యాబ్ టెక్నీషియన్ ఎవరు, ఆయన ఎప్పుడు రిటైరవుతారు? పాత మెషీన్ల స్వభావం ఆ టెక్నీషియన్లకు తెలిసినట్టు ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. చేరాక ఆయనను గురువులా చూసుకోండి. టీ తాగేటప్పుడు పక్కన కూర్చోండి, గ్రిప్ బిగించేటప్పుడు చేయి ఆనించండి, పేపర్ అచ్చయినప్పుడు కృతజ్ఞతల్లో పూర్తి పేరు రాసి, అచ్చు ప్రతి తీసుకెళ్ళి ఇవ్వండి.

స్టోర్స్, పర్చేజ్ సెక్షన్లు కూడా మీ పరిశోధనలో భాగమే. ప్రభుత్వ కొనుగోళ్ళ జెమ్ పోర్టల్‌లో వస్తువు దొరికితే ఒక దారి, దొరకకపోతే కొటేషన్లు, కమిటీ, సంతకాలు, పెద్దదైతే టెండరు. ఒక లోడ్ సెల్ కోసం సెమిస్టర్ గడిచిపోవడం నేను చాలాసార్లు చూశాను. మొదటి ఏడాది లైబ్రరీలో గడిపినంత సేపు ఈ సెక్షన్లలోనూ గడపండి. ఇండెంట్ ఎలా రాస్తారో, ఫైలు ఏ బల్ల నుంచి ఏ బల్లకు వెళ్తుందో, మార్చి నెలాఖరులో ఏం ఆగిపోతుందో నేర్చుకోండి. రెండో ఏడాదిలో కావాల్సిన వస్తువుకు మొదటి ఏడాదిలోనే ఇండెంట్ పెట్టండి. ఈ పని చిన్నతనమని అనుకునే స్కాలర్లను చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్ళ తెలివితేటలన్నీ ఒక సంతకం కోసం కారిడార్‌లో కూర్చుని ఎదురుచూస్తుంటాయి.

ఇంతకీ ఇష్టం సంగతి? పని చేతికి అలవాటయ్యాక వస్తుంది. మొదటి మంచి గ్రాఫు వచ్చిన రోజున తప్పకుండా వస్తుంది.

దరఖాస్తు, ఇంటర్వ్యూ

ఈ విషయంలో చెప్పాల్సింది కొంచెమే. వందమంది ప్రొఫెసర్లకు ఒకే మెయిల్ పంపకండి. ఐదుగురిని ఎంచుకుని, ఒక్కొక్కరి ఈ మధ్య పేపర్ ఒకటి పూర్తిగా చదివి, అందులో మీకు అర్థం కాని ఒక చోటు గురించి నాలుగు వాక్యాలు రాయండి. మెచ్చుకోలు వద్దు. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో చిన్నప్పుడు బొమ్మకారు విప్పిన సంగతి కూడా వద్దు. మీరు చేసిన ఒక పని, అందులో ఏం తప్పు జరిగింది, దాన్ని ఎలా కనుక్కున్నారు, ఇది రాయండి.

ఇంటర్వ్యూకి అన్ని సబ్జెక్టులూ తిరగేయకండి. రెండింటిని లోతుగా చదవండి. "మీకు ఇష్టమైన సబ్జెక్టు ఏది?" అని వాళ్ళే అడుగుతారు. అక్కడి నుంచి మొదటి సూత్రాల దాకా తవ్వుతారు. మెకానికల్, సివిల్ పిల్లలను బెండింగ్ మూమెంట్ బొమ్మ గీయమనడం, అందరినీ ఐగెన్ విలువ అంటే భౌతికంగా ఏమిటో చెప్పమనడం మామూలే. తెలియనిదానికి తెలియదనండి, ఆ వెంటనే "ఇలా మొదలుపెడితే కనుక్కోవచ్చేమో" అని బోర్డు మీద ప్రయత్నించండి. కమిటీలో కూర్చున్నవాళ్ళం చూసేది ఆ ప్రయత్నమే.

మొదటి ఏడాది వంద పేపర్లు చదవకండి

లిటరేచర్ రివ్యూ పేరుతో కొత్త స్కాలర్లు వందలకొద్దీ పేపర్లు దించుకుంటారు. 2025 జనవరి నుంచి ఒకే దేశం ఒకే చందా పథకం కింద ప్రభుత్వ సంస్థలకు దాదాపు 13,000 జర్నల్స్ అందుబాటులోకి వచ్చాయి కాబట్టి ఇప్పుడు దించుకోవడం మరీ సులువు. ఫోల్డరు నిండుతుంది, చేతికి ఏ పనీ రాదు. ఒక్క మంచి పేపర్ తీసుకుని, అందులోని ఫలితాన్ని మీ చేతులతో మళ్ళీ తెప్పించండి. ప్రయోగమైతే ప్రయోగం, సిమ్యులేషన్ అయితే సిమ్యులేషన్. వాళ్ళు రాయని సంగతులన్నీ అప్పుడు బయటపడతాయి. మెష్ ఎంత సన్నగా వేశారు, నమూనాను ఏ కాగితంతో పాలిష్ చేశారు, ఏ డేటాను వదిలేశారు. వాళ్ళ ఫలితం మీకు రాకపోతే ఇంకా మంచిది, బహుశా మీ టాపిక్ అక్కడే ఉంది. ఇలా ఒక పేపర్‌ను మళ్ళీ చేశాక చదివే ఇరవై పేపర్లు, ముందు చదివిన వంద కంటే ఎక్కువ చెప్తాయి.

కోర్స్‌వర్క్‌ను గ్రేడు కోసం గట్టెక్కించే లాంఛనంగా చూడమని సీనియర్లు చెప్తారు. వినకండి. 1951లో ఎమ్‌ఐటీలో రాబర్ట్ ఫానో తన విద్యార్థులకు ఫైనల్ పరీక్ష రాస్తారా, టర్మ్ పేపర్ రాస్తారా అని ఎంచుకోనిచ్చారు. డేవిడ్ హఫ్‌మన్ పేపర్ వైపు వెళ్ళాడు. 1952లో అచ్చయిన ఆ పనే ఈరోజు జేపెగ్ ఫోటోల్లో, జిప్ ఫైళ్ళలో పనిచేస్తున్న హఫ్‌మన్ కోడింగ్. ప్రతి క్లాసు ప్రాజెక్టూ అంత దూరం పోదు. అయినా మీ థీసిస్‌లో ఒక అధ్యాయం క్లాసు ప్రాజెక్టుగా మొదలవడానికి ఏ అడ్డంకీ లేదు.

చిన్న థీసిస్ రాయండి, పేపర్ త్వరగా వెనక్కి రానివ్వండి

ఫెలోషిప్ సాధారణంగా ఐదేళ్ళు. యూజీసీ నిబంధనల్లో కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళను చూసి ధైర్యపడకండి. మీ గడువు డబ్బు ఆగే రోజు. ఐదో ఏడు చివరికి థీసిస్ ఇవ్వాలంటే నాలుగో ఏడు చివరికి ప్రయోగాలు ఆగాలి. రంగాన్నే మార్చేసే థీసిస్ రాయాలన్న కోరిక చాలామందిని ముంచింది. ఒకే ప్రశ్న, దానికి గట్టి జవాబు, మూడు అధ్యాయాలు చాలు. పెద్ద పని తర్వాత చేయండి, ముందు నలభై ఏళ్ళున్నాయి.

రాయడం చివర్లో మొదలుపెట్టకండి. మొదటి ప్రయోగం చేసిన వారమే దాని పద్ధతిని థీసిస్ భాషలో రాసిపెట్టుకోండి. మూడేళ్ళ తర్వాత గేజ్ ఎక్కడ అతికించారో మీకు గుర్తుండదు.

మొదటి పేపర్ పూర్తిగా పక్వానికి వచ్చేదాకా దాచుకోకండి. రెండో ఏడాదిలోనే మంచి జర్నల్‌కి పంపండి. బహుశా వెనక్కి వస్తుంది. రావాలనే పంపండి. రివ్యూయర్లు రాసిన మూడు పేజీల విమర్శ మీ డాక్టోరల్ కమిటీ మూడు మీటింగుల్లో చెప్పినదానికంటే ఉపయోగపడుతుంది, దానికి మీరు డబ్బు కూడా కట్టలేదు. తిరస్కరణ మెయిల్ వచ్చిన రోజు ఇంటికి వెళ్ళి పడుకోండి. మర్నాడు విమర్శలను వరసగా రాసుకుని ఒక్కొక్కదానికి జవాబు మొదలుపెట్టండి.

డబ్బు కట్టి వారంలో పేపర్ వేయించుకునే దారి మాత్రం ఎవరు చూపించినా వద్దు. 2022 నిబంధనల్లో థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ అచ్చవ్వాలన్న షరతును యూజీసీ తీసేసింది. అయినా చాలా విశ్వవిద్యాలయాలు సొంత నియమాలతో పేపర్లు అడుగుతూనే ఉన్నాయి. ఆ ఒత్తిడి మీదే నకిలీ జర్నల్స్, "థీసిస్ రాసిస్తాం" అని బోర్డు పెట్టుకున్న దుకాణాలు బతుకుతున్నాయి. ఈ దుకాణాలు మన ఊళ్ళలో కాలేజీల ఎదురుగానే ఉన్నాయి, అక్కడికి వెళ్ళేవాళ్ళలో పాఠాలు చెప్పే టీచర్లూ ఉన్నారు. నాకు కోపం తెప్పించే విషయం పీహెచ్‌డీలో ఇదొక్కటే. అలా కొన్న డిగ్రీతో గైడైన మనిషి రేపు తన స్కాలర్‌కి ఏం నేర్పుతాడు? ప్లేజియరిజం మీద 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాటితే సవరించి ఇవ్వాలి, 40 దాటితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. సాఫ్ట్‌వేర్ చూపే శాతం తగ్గించడానికి మాటలు మార్చే పనిలో పడకండి. పుస్తకం మూసి, మీకు అర్థమైంది మీ మాటల్లో రాయండి, శాతం దానంతటదే తగ్గుతుంది.

గైడుకు ఎదురు చెప్పండి

చిన్నప్పటి నుంచి టీచరు మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగాం. పరిశోధనలో ఆ అలవాటు ప్రమాదం. మెషీన్ పక్కన మీరున్నారు, గైడు లేరు. డేటా ఆయన ఊహించినట్టు రాకపోతే రాలేదని చెప్పాల్సింది మీరే. గొంతు పెంచక్కర్లేదు, కాగితం చాలు. ప్రతి మీటింగ్ అయ్యాక ఆ సాయంత్రమే ఒక మెయిల్ పంపండి: "సార్, ఈరోజు అనుకున్నవి ఇవి. రెండో విషయంలో డేటా ఇలా ఉంది, అందుకని నేను ఈ దారి ప్రయత్నిస్తాను." మంచి గైడు దీనికి సంతోషిస్తారు. మతిమరుపు గైడుకు గుర్తుంటుంది. మాట మార్చే గైడు విషయంలో ఆ మెయిళ్ళే మీకు రక్ష. ఇంట్లో కూరగాయలు తెమ్మని, పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురమ్మని అడిగే గైడులు ఇంకా ఉన్నారు. మొదటిసారే మర్యాదగా కాదనండి. రెండోసారి కాదనడం చాలా కష్టం.

పెళ్ళీ పిల్లలూ ఆపొద్దు

అమ్మాయిలకు చెప్పే సలహాల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది "డాక్టరేట్ అయ్యాకే పెళ్ళి, లేదా పెళ్ళయితే డాక్టరేట్ మానేయ్" అన్నది. ఇరవై ఐదు నుంచి ముప్పై రెండు దాకా జీవితాన్ని ఆపి ఉంచడం ఎవరికీ సాధ్యం కాదు, ఆపమనే హక్కు ఎవరికీ లేదు. యూజీసీ నిబంధనలు మీ వైపున్నాయి, అవేమిటో తెలుసుకోండి. మాతృత్వం, పిల్లల సంరక్షణ కోసం మొత్తం కాలంలో 240 రోజుల వరకు సెలవు ఇవ్వవచ్చు. మహిళా స్కాలర్లకు గడువు అదనంగా రెండేళ్ళు, మొత్తం పదేళ్ళ దాకా. పెళ్ళి వల్ల ఊరు మారాల్సొస్తే పరిశోధన డేటాను కొత్త సంస్థకు మార్చుకునే వీలు కూడా 2022 నిబంధనల్లో ఉంది, ఆ పని ఏదైనా నిధుల సంస్థ పాత సంస్థకు ఇచ్చిన ప్రాజెక్టులో భాగం కాకపోతే. చేరేటప్పుడే ఈ చివరి షరతు చూసుకోండి. చంటిబిడ్డతో వచ్చి అందరికంటే క్రమంగా పనిచేసిన స్కాలర్లను చూశాను. సాయంత్రం ఐదున్నరకు వెళ్ళిపోవాలని తెలిసినవాళ్ళు పొద్దున పదింటికి టీకి వెళ్ళరు.

కాలేజీ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు

అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి ఎంటెక్ సరిపోతుంది, అసోసియేట్ కావాలంటే పీహెచ్‌డీ కావాలి. అందుకని మన రెండు రాష్ట్రాల్లో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల టీచర్లు ఎందరో పార్ట్‌టైమ్‌లో చేరతారు. వారానికి పద్దెనిమిది గంటల పాఠాలు, నాక్ ఫైళ్ళు, అడ్మిషన్ల డ్యూటీ, ఆపైన పరిశోధన. ఆదివారాల్లో పీహెచ్‌డీ అవదు. వీలుంటే జీతం వదులుకుని ఫుల్‌టైమ్‌కి రండి. ఇంట్లో దీన్ని పిచ్చి అంటారు. తొమ్మిదేళ్ళు సగం సగం చేసి వదిలేయడం కంటే నాలుగేళ్ళు తక్కువ డబ్బుతో బతకడం మేలు. కుదరకపోతే ఎన్‌ఓసీ దగ్గర గట్టిగా నిలబడండి. పరిశోధనకు తగినంత సమయం ఇస్తామనీ, అవసరమైతే కోర్స్‌వర్క్‌కి డ్యూటీ నుంచి వదులుతామనీ అందులో రాసి ఉండాలని యూజీసీ నిబంధనే చెప్తోంది. యాజమాన్యం ఆ వాక్యాలు రాయనంటే, చేరాక కూడా సమయం ఇవ్వరు.

మొదటి ఏడాది చివర్లో మానేయడం గురించి ఆలోచించండి

ఎంత కష్టమైనా మధ్యలో వదలొద్దంటారు. నేను మొదటి ఏడాది చివర ఒక ఆదివారం కూర్చుని, మానేయాలా అని నిజాయితీగా ఆలోచించమంటాను. గైడుతో మాట కలుస్తోందా? చేతిలో ఒక్క ఫలితమైనా ఉందా? పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్ళాలంటే కడుపులో తిప్పుతోందా? జవాబులు చెడ్డగా ఉంటే గైడును మార్చుకోవచ్చు, సంస్థను మార్చుకోవచ్చు, ఉద్యోగానికి పోవచ్చు. ఏడాదికి వదిలేస్తే ఏడాదే పోయింది. ఆరో ఏట వదిలేస్తే మనిషి కుంగిపోతాడు. నిద్ర పోయి, తిండి పోయి, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోతే థీసిస్ సంగతి తర్వాత, 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ-మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ల్యాబ్‌లో పక్క కుర్చీ స్కాలర్ రెండు వారాలుగా రాకపోతే మీరే గది తలుపు తట్టండి.

తల్లిదండ్రులకు ఒక మాట. పండక్కి ఇంటికొచ్చిన బిడ్డను "ఇంకా ఎన్నాళ్ళు?" అని అడగకండి. ఆ ప్రశ్నకు బిడ్డ దగ్గర జవాబు లేదు, గైడు దగ్గరా లేదు. ఈ నెల ల్యాబ్‌లో ఏం చేశావో చెప్పమనండి. సగం అర్థం కాకపోయినా వినండి. బంధువులు ఎన్నాళ్ళని అడిగితే మాత్రం వాళ్ళకు మీరే జవాబు చెప్పండి, బిడ్డను ముందుకు తోయకండి.